కాన్పుల ఎడము, శిశువుల మనుగడ

ఒక తల్లికి వరుసగా కలిగిన రెండు కాన్పుల నడుమ గడచిన కాలమును కాన్పుల ఎడమందురు. పుట్టిన బిడ్డ బాలారిష్టములను దాటి బ్రదుకుటకు తల్లి యారోగ్యము, పాలు, మంచినీరు, నివాసము, టీకాలు, ఇంటి యాదాయము మున్నగు కారణము లెన్నియో యున్నను, వానితో సమానముగా లెక్కింపదగినదై యుండియు చాలకాలము వైద్యుల దృష్టికి సైతము సరిగా నానని కారణ మీ యెడము. బిడ్డల సంఖ్యను గూర్చి ప్రభుత్వములు, సంఘములు, ఇంటి పెద్దలు మాటలాడినంతగా, వారి నడుమ నుండవలసిన కాలమును గూర్చి మాటలాడియుండలేదు. సంఖ్య వేఱు, ఎడము వేఱు. ఇద్దరే బిడ్డలు గల తల్లికి వారు ఏడాదిన్నర వ్యవధిలో కలిగియుండవచ్చును. ఐదుగురిని గన్న తల్లి ప్రతి కాన్పునకును మూడేండ్ల వ్యవధి యుంచియుండవచ్చును. ఈ వ్యాసమున రెండవ విషయమే ప్రధానము.

ఎడమును కొలుచు పద్ధతులు మూడు. ముందు బిడ్డ పుట్టిన దినము మొదలు వెనుక బిడ్డ పుట్టిన దినము వఱకు లెక్కించుట మొదటిది. బిడ్డ పుట్టిన దినము మొదలు తదుపరి గర్భము నిలిచిన దినము వఱకు లెక్కించుట రెండవది. ఒక గర్భము, అది ప్రసవమైనను గర్భస్రావమైనను, ముగిసిన దినము మొదలు తరువాతి గర్భము నిలిచిన దినము వఱకు లెక్కించుట మూడవది. మొదటి లెక్కకును రెండవ లెక్కకును 9 నెలల భేదము గలదు గనుక, రెండేండ్ల యెడము చాలునని యొకరును, మూడేండ్లు కావలెనని యొకరును చెప్పినపు డిరువురును ఒకే మాట చెప్పుచుండవచ్చును. మఱియు ప్రతి బిడ్డకును ముందొక యెడము, వెనుకొక యెడము ఉండును. ముందరి యెడము చాలనిచో గర్భస్థశిశువును, పసికందును బాధించును. వెనుకటి యెడము చాలనిచో అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డను బాధించును. ఈ రెండవ బాధను వైద్యశాస్త్రమునకు స్పష్టముగా జూపిన వైద్యురాలు కొంతకాలము సింగపూరున నివసించి పనిచేసినది కావున, ఆ ద్వీపముతోనే యీ చరిత్ర నారంభించుట యుక్తము.

సెంబవాంగ్ ప్రాంతము, గ్రామీణ ఆరోగ్యసేవ

సెంబవాంగ్ సింగపూరు ద్వీపమునకు ఉత్తరపు టంచున, జోహోరు జలసంధి యొడ్డున నున్నది. ఇరువదవ శతాబ్ది ప్రథమపాదమున నిది రబ్బరు తోటలకును చిన్న పల్లెలకును నెలవైన భూమి. బ్రిటిషు ప్రభుత్వ మిచట నౌకాస్థావరమును నిర్మింపజేసి, 1938 ఫిబ్రవరి 14వ తేదీన అందలి మహానౌకలు పట్టు డాకును ప్రారంభించిన పిమ్మట, భారతదేశమునుండి వచ్చిన గుమాస్తాలు, కార్మికులు, వారి కుటుంబములు ఆ స్థావరమును చుట్టుకొని పెరిగిన వాడలలో కాపురముండిరి. వారిలో మలయాళులును తమిళులును అధికసంఖ్యాకులు. మలయా దేశమునకు వలసవోయిన తెలుగువారు ముఖ్యముగా పేరా రాష్ట్రమునందలి బగాన్ దాతో పరిసరముల తోటలలో స్థిరపడిరి. సింగపూరున వారి సంఖ్య స్వల్పమగుటచే, సింగపూరు తెలుగు సమాజము 1975లో గాని ఏర్పడలేదు.

పట్టణపు టెల్లలకు వెలుపల నున్న యిట్టి పల్లెప్రాంతములలో ఐడా సిమన్స్ అను ఆరోగ్యనర్సు 1927లో పని చేపట్టునాటికి, పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 263 మంది ఏడాది నిండకుండనే చనిపోవుచుండిరి. ప్రతి నలుగురిలో నొకరికి మించినదన్నమాట. ఆమె ఇల్లిల్లు దిరిగి బాలింతలను జూచుచు, స్థానిక యువతులకు శిక్షణ నిచ్చుచు, తల్లీబిడ్డల ఆరోగ్యకేంద్రములను నెలకొల్పుచు, జపానువారి యాక్రమణకాలమున చాంగి నిర్బంధశిబిరమున గడపి బయటపడిన పిదప గూడ మరల నా పనికే పూనుకొని, 1948లో విరమించునాటికి ఆ సంఖ్య 57కు దిగినది. ఈ తగ్గుదలకు కాన్పుల ఎడము కారణమని చెప్పుట సత్యము గాదు. పరిశుభ్రమైన పురుడు, బొడ్డుకోతలో జాగ్రత్త, తల్లిపాలు, ఇంటింటి సందర్శనము, ఇవి యా కాలమున పనిచేసిన శక్తులు. శిశుమరణములను తగ్గించుటలో ఎడమునకు గల పాత్రను విచారించునపుడు దానికి చెందని కీర్తిని దానికి గట్టబెట్టరాదను విషయమున కీ గ్రామీణచరిత్ర మంచి నిదర్శనము.

సిసిలీ విలియమ్స్, క్వాషియోర్కర్

జమైకా దీవిలో 1893లో జన్మించి ఆక్స్‌ఫర్డున విద్యనభ్యసించిన సిసిలీ విలియమ్స్, వైద్యురాలై 1929లో ఆఫ్రికాలోని నాటి గోల్డ్‌కోస్టునకు, అనగా నేటి ఘనా దేశమునకు, ఉద్యోగినిగా వెళ్ళినది. అచట ఒకటి మొదలు నాలుగేండ్ల లోపు వయస్సు గల బిడ్డలలో ఆమె యొక వింతవ్యాధిని గమనించెను. బిడ్డ పాదములు వాచియుండును. బొటనవ్రేలితో నొక్కినచోట గుంటపడి కొంతసేపటి వఱకు పూడదు. బుగ్గ లుబ్బి యుండుటచే ఒళ్ళు చేసినదని తల్లి భ్రమపడుటయు గలదు. జుట్టు పలుచనై రాగివన్నెకు దిరుగును. కాళ్ళమీది చర్మము పొరలు పొరలుగా నూడును. బిడ్డ యాడుకొనదు, పిలిచిన నవ్వదు, నోట బెట్టిన ముద్దను త్రోసివేయును. ఎముకలగూడై కృశించు మరాస్మస్ వ్యాధికిని దీనికిని పైచూపునకు పోలికయే లేదు. ఆమె 1933లో దీనిని వర్ణించుచు వ్యాసమును ప్రకటించి, 1935లో లాన్సెట్ పత్రికలో దీనికి క్వాషియోర్కర్ అను పేరు వాడినది. ఆ పేరు గా భాష మాటలాడు జనులది. వెనుకబిడ్డ రాగా ముందుబిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. మరల గర్భము నిలిచిన తల్లి చంకలోని బిడ్డకు పాలు మాన్పించుట, పాలు మానిన యా బిడ్డకు మొక్కజొన్న గంజి దక్క వేఱొండు లేకుండుట, కొలది వారములలో కాళ్ళకు నీరు దిగుట, ఈ వరుసను శాస్త్రజ్ఞులకంటె ముందే అచటి తల్లు లెఱిగియుండిరి.

విలియమ్స్ 1936లో మలయాకు బదిలీయై సింగపూరు వైద్యకళాశాలలో శిశువైద్యమును బోధించినది. అచట ఆమె కంటబడిన విపత్తు మఱొకటి. తీపి కలిపిన డబ్బాపాలు బిడ్డలకు శ్రేష్ఠమైనవని ప్రచారము జరుగుచుండెను. వెన్న తీసినట్టియు, సూర్యరశ్మితో లభించు విటమిను లేనట్టియు ఆ పాలు త్రాగిన పసివారు నీరసించి మరణించుచుండిరి. 1939లో సింగపూరు రోటరీ సంఘమువారి సభలో ఆమె యీ ప్రచారమును పాలపేరిట జరుగు హత్యగా నిర్భయముగా నిందించెను. తల్లిపాలు మాన్పించుట వలన బిడ్డకు కలుగు కీడు రెండు విధములు: బిడ్డకు ఆహారలోపము సంభవించుట యొకటి, తల్లికి శీఘ్రముగా మరల గర్భము నిలుచుట రెండవది. గోల్డ్‌కోస్టున గర్భము నిలుచుటచే పాలు మానుచుండెను. సింగపూరున పాలు మానుటచే గర్భము నిలుచుటకు దారి యేర్పడుచుండెను. ఒకే గొలుసున కివి రెండు కొసలు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనప్పుడు ఆమెయు చాంగి శిబిరమున బందీ యయ్యెను. అంతటి కఱవు కాలమున ఆ నిర్బంధములో పుట్టిన 20 మంది శిశువులును తల్లిపాలతోనే పెరిగి బ్రదికిరని ఆమె తరువాత సంతోషముతో జ్ఞాపకము చేసికొన్నది. 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థలో మాతాశిశు విభాగమునకు తొలి యధిపతిగా ఆమె నియమితురాలైనది.

క్వాషియోర్కర్ కేవలము మాంసకృత్తుల కొరత వలననే కలుగునను తొలినాటి సిద్ధాంతము నిలువలేదు. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహారసంస్థకు నాయకత్వము వహించిన సి. గోపాలన్, ఆ వ్యాధి సోకిన బిడ్డల యాహారమునకును మరాస్మస్ సోకిన బిడ్డల యాహారమునకును చెప్పుకొనదగిన భేదము లేదని 1968లో నిరూపించెను. వ్యాధికారణమును గూర్చిన వివాద మెట్లున్నను, పాలు మానిన రెండవయేట బిడ్డ నిరాధారమగునన్న మూలవిషయము మాత్రము చెక్కుచెదరలేదు.

ఎడము చాలనపుడు ఏమి జరుగును

గర్భమును పాలిచ్చుటయు తల్లి దేహమునుండి వ్యయమగు పనులు. భారతదేశమున నిర్ణయింపబడిన ప్రమాణముల ననుసరించి గర్భిణికి దినమునకు అదనముగా 350 కిలో కెలోరీలును, పాలిచ్చు తల్లికి మొదటి ఆరునెలలలో 600 కిలో కెలోరీలును కావలెను. గర్భముకంటె పాలిచ్చుట బరువైన పని యన్నమాట. మితాహారముతో జీవించు తల్లి యీ లోటును తన కండనుండి, క్రొవ్వునుండి పూరించును. దక్షిణదేశపు బీదతల్లుల పాలను గోపాలన్ 1950 దశకమున పరీక్షించి, వారు అర్ధాకలితో నుండియు బిడ్డలకు నెలల తరబడి తగినన్ని పాల నిచ్చుచుండిరని తెలిపెను. ఆ పాల వెల వారి దేహమే చెల్లించినది. ఈ యప్పు తీరకముందే మరల గర్భము నిలిచినచో, తల్లియు గర్భస్థశిశువును ఒకే కొరతబడిన నిలువ నుండి పంచుకొనవలసియుండును. రక్తమునందలి ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఈ విషయమున ముఖ్యములు. గర్భము ఐదవ మాసము దాటినది మొదలు ఫోలిక్ ఆమ్లము తగ్గుచు వచ్చి, కాన్పైన పిదప కొన్ని వారముల వఱకు తక్కువగానే యుండునని పరిశోధకులు చెప్పుదురు. ఆ స్థితిలో నిలిచిన గర్భమున శిశువు బరువు తక్కువగా పుట్టుటకును, నెలలు నిండకుండ పుట్టుటకును అవకాశము హెచ్చును. బరువు తక్కువ బిడ్డకు పుట్టిన మొదటి నెలయే గండము.

పోషణ పుష్కలముగా నున్నను తొలగని కారణములు మఱికొన్ని గలవు. సిజేరియన్ కోత పడిన గర్భాశయపు మచ్చ గట్టిపడుటకు కాలము కావలెను. గర్భాశయముఖము పూర్వస్థితికి వచ్చుటకును వ్యవధి కావలెను.

బిడ్డ పుట్టిన తరువాత మొదలగునది యింటిలోని పోటీ. ఏడాదిన్నర బిడ్డ, నెలల పసికందు ఒకే యొడికొఱకు, ఒకే గిన్నెలోని అన్నము కొఱకు, తల్లికిగల రెండు చేతుల కొఱకు పోటీపడుదురు. పసిబిడ్డకు స్నానము చేయించి పాలిచ్చి నిద్రపుచ్చునంతలో పెద్దబిడ్డకు అన్నము కలిపి ముద్దలు పెట్టువారుండరు. ఆ వయస్సు బిడ్డకు పొట్ట చిన్నది. దినమునకు ఐదారు మాఱులు కొంచెము కొంచెముగా తినిపింపవలెను. తనంతట తాను తినుమని కంచము ముందుంచిన, సగము నేలపాలగును. బయట తిరుగాడు పెద్దబిడ్డ వెంట దెచ్చు తట్టు, కోరింతదగ్గు, అతిసారము దగ్గరి వయస్సు గల పసిబిడ్డకు వెంటనే సోకును. దూరపు వయస్సు గల అక్కయో అన్నయో యైనచో ఆ రోగముల నప్పటికే దాటియుండుటయేగాక, పసిబిడ్డ నెత్తుకొనుటకు తల్లికి సాయము గూడ నగుదురు. కడుపుతో నున్న తల్లి పాలు చంటిబిడ్డకు చెఱుపు చేయునను నమ్మకము తెలుగునాట నేటికిని బలముగా నున్నది. ఇది సత్యము కాదు. ఆరోగ్యవతియగు తల్లి గర్భిణియైనను పాలీయవచ్చును. కాని యీ నమ్మకము వలన వేవిళ్ళు మొదలగుటయే తడవుగా పాలు మాన్పించు తల్లులు పెక్కుమంది. పై పోటీలో తొలి దెబ్బ పెద్దబిడ్డకే తగులుట కిదియు నొక హేతువు.

గణాంకముల సాక్ష్యము

అమెరికాలోని ఎనిమిది నగరములలో శిశుమరణములను పరిశీలించిన రాబర్ట్ వుడ్‌బరీ 1925లో ప్రకటించిన నివేదికలో, దగ్గరదగ్గరగా పుట్టిన శిశువులు హెచ్చుగా మరణించుచున్నారని చూపెను. పెక్కు దేశముల సంతాన సర్వేలను జోడించి హాబ్‌క్రాఫ్ట్, మెక్‌డొనాల్డ్, రట్‌స్టైన్ అను మువ్వురు 1983లో వ్రాసిన వ్యాసముతో ఈ విషయము ప్రపంచవ్యాప్తమైన సత్యముగా నెలకొన్నది. అదే కాలమున యూనిసెఫ్ సంస్థ బాలల ప్రాణరక్షణకై ప్రకటించిన ప్రణాళికలో పెరుగుదల తూనిక, ఉప్పు పంచదార నీరు, తల్లిపాలు, టీకాలతో బాటు స్త్రీవిద్య, అదనపు టాహారము, కాన్పుల ఎడము అను మూడింటిని గూడ చేర్చినది.

మన దేశమున 2005–06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క మిక్కిలి విస్పష్టము. ముందుబిడ్డ పుట్టిన రెండేండ్ల లోపున పుట్టిన శిశువులలో వేయింటికి 86 మంది ఏడాది లోపున మరణింపగా, మూడేండ్ల యెడముతో పుట్టినవారిలో 30 మంది మాత్రమే మరణించిరి. దాదాపు మూడురెట్ల భేదము.

ఈ భేదమంతయు ఎడము వలననే కలిగినదని వెంటనే నిశ్చయింపరాదు. ముందుబిడ్డ పురిటిలోనే చనిపోయినచో పాలిచ్చుట ఆగిపోవును. పాలాగినచో తల్లికి శీఘ్రముగా నెలసరి తిరిగివచ్చి గర్భము నిలుచును. పోయిన బిడ్డకు బదులు మఱొక బిడ్డను గోరుటయు సహజమే. ఏ కారణమున ముందుబిడ్డ పోయెనో ఆ కారణమే వెనుకబిడ్డను గూడ పీడింపవచ్చును. ఇక నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు, ఆ తక్కువ నెలల మేరకు ఎడము కూడ తక్కువగా లెక్కకు వచ్చును. పేదఱికము, చిన్ననాటి వివాహము, చదువులేమి ఒకవైపు ఎడమును తగ్గించును, మఱొకవైపు శిశువును బాధించును. బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతమున ప్రతి జననమును ప్రతి మరణమును దశాబ్దముల తరబడి నమోదుచేసిన పరిశోధకు లీ చిక్కుల నొక్కొక్కదానినే విడదీసి చూచిన పిమ్మటను, ఎడము తక్కువైన శిశువులకు ప్రమాద మధికమని తేల్చిరి. పడమటి ఆస్ట్రేలియాలో ఒకే తల్లి బిడ్డలను ఒకరితో నొకరిని పోల్చి 2014లో ప్రకటించిన పరిశోధనలో మాత్రము, తక్కువ యెడము వలని కీడు అంతకుముందు భావించినదానికంటె చాల స్వల్పమని తేలినది. ఈ రెండును పరస్పర విరుద్ధములని నేను భావింపను. నిండుకంచము, శుభ్రమైన నీరు, చేరువలో ఆసుపత్రి గల సమాజమున ఎడము చేయవలసిన రక్షణను తక్కినవి చేయుచున్నవి. అవి లేనిచోట ఎడమొక్కటే కాపు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ పూర్వము రెండు మూడేండ్ల యెడమును చెప్పుచుండగా, మూడు మొదలు ఐదేండ్లు మేలని వేఱొక వాదము బయలుదేరినందున, 2005 జూనులో జెనీవాలో నిపుణులను సమావేశపఱచినది. సజీవశిశువు జన్మించిన పిదప కనీసము 24 నెలలు గడువనిచ్చి మరల గర్భమునకు యత్నింపవలెననియు, గర్భస్రావమైనచో కనీసము 6 నెలలు ఆగవలెననియు ఆ సమావేశమువారు సూచించిరి. కాన్పు నుండి కాన్పు వఱకు లెక్కించిన నిది 33 నెలలు, అనగా ఇంచుమించు మూడేండ్లు.

తల్లిపాలు, పుట్టినిల్లు

మందులు, సాధనములు లేని కాలమున ఎడము నిచ్చినవి తల్లిపాలు, ఆచారము. బిడ్డ పదేపదే పాలు కుడుచుటచే తల్లి మెదడునుండి వెలువడు సంకేతములు అండము విడుదలను నిలుపును. కాన్పైన ఆరునెలల లోపున, నెలసరి తిరిగిరాక, బిడ్డకు తల్లిపాలు దక్క అన్యాహార మీయక యున్న స్త్రీకి గర్భము రాకుండుటకు నూటికి 98 పాళ్ళు రక్షణ గలదని 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ మూడు నియమములలో నొకటి తప్పినను రక్షణ సడలును. రాత్రి పాలు మాన్పి, పగలు డబ్బాపాలు కలిపినచో దీనిపై నాధారపడుట ప్రమాదకరము.

తెలుగునాట తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చిన కూతురు, మూడవనెలలోనో ఐదవనెలలోనో బిడ్డనెత్తుకొని సారెతో అత్తవారింటికి వెళ్ళుట వాడుక. ఆ నెలలలో బాలింతకు విశ్రాంతి, పథ్యము, తల్లి చేతి పోషణ లభించుటయేగాక, దంపతులకు కొంత దూరమును సిద్ధించుచుండెను. సముద్రము దాటి వచ్చిన కూలికుటుంబమునకు పుట్టినిల్లు దూరము. తోటపనికి తల్లి శీఘ్రముగా మరలవలసివచ్చినచో బిడ్డకు పాలును దూరము. ఆచార మిచ్చు స్వల్పరక్షణయు వలసతో సడలుట సహజము.

సింగపూరు కుటుంబనియంత్రణ

సింగపూరున కుటుంబనియంత్రణ సంఘము 1949లో స్వచ్ఛందసేవకుల పూనికతో ఆరంభమైనది. తొలినాళ్ళ క్లినిక్కులకు వచ్చినవారిలో పెక్కుమంది బిడ్డలను పోషింపలేక అలసిన తల్లులు. 1957 నాటికి ఒక్కొక్క స్త్రీకి సగటున ఆరుగురికి పైగా బిడ్డలు. అయినను శిశుమరణములు 1950లో వేయింటికి 82 ఉన్నవి 1960 నాటికి 35కు దిగియుండెను. సంతానము తగ్గుటకు ముందే మరణములు సగమునకు మించి తగ్గినవని యిందువలన స్పష్టము. సిమన్స్ కాలమున చూచిన సత్యమే యిచటను కనబడుచున్నది.

1966 జనవరిలో ప్రభుత్వము కుటుంబనియంత్రణ, జనాభా మండలిని స్థాపించినది. ఆ యేడు కండాంగ్ కెర్బావ్ ప్రసూతి ఆసుపత్రిలో దాదాపు 40,000 మంది శిశువులు జన్మించిరి. దినమునకు నూఱుకు పైగా కాన్పులు. ప్రపంచమున మఱి యే ప్రసూతిశాలయు ఒక యేడాదిలో ఇన్ని కాన్పులు చేయలేదని గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఇన్ని కాన్పులు ఒక్కచోట జరుగుట కుటుంబనియంత్రణ ప్రచారమునకు వీలు కల్పించినది. బాలింత ఇల్లు చేరకముందే ఆమె మంచము కడకు వచ్చి మాటలాడుట, తల్లీబిడ్డల కేంద్రమునకు బిడ్డ టీకాకై వచ్చినపుడు తల్లికి మాత్రల నిచ్చుట, ఈ రెండు పద్ధతులు నిజముగా ఎడమునకు తోడ్పడినవి. 1970 దశకమున, ఆడైనను మగైనను ఇద్దరే చాలునను ప్రచారము ప్రధానముగా సాగినను, రెండవబిడ్డకు తొందర లేదను భావమును గూడ మండలి గోడపత్రికలపై కెక్కించినది. 1975 నాటికి సంతానము సగటున ఇద్దరి మేరకు దిగినది.

అయితే 1972 తరువాత మూడవ, నాలుగవ కాన్పులకు ఆసుపత్రి రుసుమును పెంచుట, ప్రసూతిసెలవును తగ్గించుట, బడిలో ప్రవేశమునకు అడ్డంకులు కల్పించుట మున్నగు శిక్షలు బిడ్డల సంఖ్యను దృష్టిలో నుంచుకొన్నవే గాని ఎడమును కావు. పదినెలల తేడాతో గర్భము నిలిచిన రెండవ కాన్పునకు ఏ శిక్షయు లేదు. ఐదేండ్లు ఆగి గన్న నాలుగవ బిడ్డకు శిక్ష గలదు. శిశువు ప్రాణము దృష్ట్యా చూచినచో ఈ విధానము తలక్రిందులైనదని చెప్పక తప్పదు. మండలి 1986లో రద్దయినది. మఱుసటి యేడాది నుండి ప్రభుత్వము స్థోమత గలవారు మువ్వురిని గాని అంతకుమించి గాని కనవలెనని ప్రబోధింపసాగినది.

తెలుగుదేశమున సంఖ్య తగ్గినది, ఎడము పెరుగలేదు

సంఖ్యకును ఎడమునకును గల యీ భేద మంతకంటె తీవ్రముగా గోచరించునది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో. ఎఱ్ఱ త్రికోణపు గుర్తుతో 1960 దశకమున మొదలైన ప్రచారము తెలుగు పల్లెలలో ఆశ్చర్యకరముగా ఫలించినది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌న స్త్రీకి సగటు సంతానము 1.7, తెలంగాణమున 1.8. ఆంధ్రప్రదేశ్‌న వివాహితలలో నూటికి 71 మంది ఏదో యొక పద్ధతి నవలంబింపగా, వారిలో దాదాపు 70 మందిది స్త్రీల కుటుంబనియంత్రణ ఆపరేషనే. తక్కిన పద్ధతులన్నియు గలసి నూటికి ఒకటి రెండు పాళ్ళు. మాత్రలు, కాపర్ టీ, నిరోధ్, వీనిలో దేనికిని తెలుగు సంసారమున చోటు లేదన్నమాట.

దీని యర్థము విచారింపదగినది. పదునెనిమిది, పంతొమ్మిదేండ్లకు పెండ్లియై, ఏడాది తిరుగకుండనే తొలికాన్పు, దాని వెనువెంటనే రెండవ కాన్పు, ఇరువదిమూడు ఇరువదినాలుగేండ్లకెల్ల ఆపరేషన్. సంతానసంఖ్య ఐరోపా దేశములతో సమానము. ఎడము మాత్రము అమ్మమ్మల కాలమునాటిదే, ఒక్కొక్కచోట అంతకంటె తక్కువ, ఏలయన అమ్మమ్మలు రెండేండ్లకు పైగా పాలిచ్చుచుండిరి. ఆపరేషన్ చేయించుకొన్నచో పని ముగిసినదను భావము ఇంటను, ఆసుపత్రిలోను స్థిరపడినది. ఇందుకు తల్లులను దూషించుట అన్యాయము. 1996 వఱకు ఆరోగ్యసిబ్బందికి ఇన్ని ఆపరేషన్లు చేయించవలెనని లక్ష్యములుండెను. 1965లో ప్రవేశపెట్టిన, గర్భాశయమున నమర్చు లూపు అను సాధనము రక్తస్రావపు భయముతో అపఖ్యాతి పాలై, ఆ భయము కాపర్ టీకి సంక్రమించినది. ఒక పద్ధతియే చూపబడినపుడు ఒక పద్ధతియే ఎంచుకొనబడును.

ఆంధ్రప్రదేశ్‌న ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29 మంది పదునెనిమిదేండ్లు నిండకుండనే వివాహమైనవారని అదే సర్వే తెలుపుచున్నది. ఇంకను పెరుగుచున్న దేహముగల బాలికకు తక్కువ యెడము రెండింతల భారము. ఆంధ్రప్రదేశ్‌న శిశుమరణములు ఆ సర్వే నాటికి వేయింటికి 30, తెలంగాణమున 26. ఇంత తక్కువ సంతానము గల రాష్ట్రములలో ఈ సంఖ్యలు తగ్గవలసినంతగా తగ్గలేదు. సంఖ్యను తగ్గించుటలో చూపిన పట్టుదలలో కొంత ఎడమునందు చూపియున్నచో, ఎందరో బిడ్డలు నేడు బడికి బోవుచుండెడివారని నా విశ్వాసము.

2012లో కేంద్రప్రభుత్వ మీ లోపమును గుర్తించి, పెండ్లియైన రెండేండ్ల వఱకు తొలికాన్పు నాపించినను, తొలి రెండు కాన్పుల నడుమ మూడేండ్ల యెడముంచినను, ఆ దంపతులకు సలహా నిచ్చిన ఆశా కార్యకర్తకు ఒక్కొక్కదానికి 500 రూపాయలు చొప్పున నిచ్చు పథకమును ప్రవేశపెట్టినది. కాన్పైన నలువదెనిమిది గంటల లోపున కాపర్ టీని అమర్చు పద్ధతియు, మూడునెలలకొకమాఱు చేయు అంతర ఇంజెక్షనును, మొదటి మూడునెలలు వారమునకు రెండుమాఱులును, పిదప వారమున కొకమాఱును మ్రింగు ఛాయ మాత్రయు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా లభించుచున్నవి. ఛాయ మాత్రలోని మందు లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున రూపొందినది. అందు హార్మోనులు లేనందున పాలిచ్చు తల్లులును వాడవచ్చును.

నేటి సెంబవాంగ్, ఎక్కువ యెడము

రబ్బరు తోటలు పోయి ప్రభుత్వము కట్టిన బహుళ అంతస్తుల ఇండ్లతో నిండిన నేటి సెంబవాంగ్‌లో ఎడమును గూర్చిన చింత మఱొక రూపము దాల్చినది. సింగపూరున శిశుమరణములు వేయింటికి 2 ప్రాంతమున నున్నవి. 2023లో సగటు సంతానము 0.97. ఇచటి తెలుగు కుటుంబములలో ముప్పదేండ్లకు తొలికాన్పు, ఉద్యోగముల యొత్తిడిచే ఐదారేండ్లకు గాని రెండవదానిని తలపెట్టకుండుట అరుదు గాదు. ఎక్కువ యెడమును నిరపాయము కాదు. 2006లో పెక్కు దేశముల పరిశోధనలను క్రోడీకరించిన అగస్టీన్ కాండే ఆగుడేలో బృందము, ఒక కాన్పునకును తదుపరి గర్భమునకును నడుమ 18 నెలలకు తక్కువైనను 59 నెలలకు మించినను నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ శిశువులు హెచ్చుదురని చూపినది. ఎడము మిక్కిలి దీర్ఘమైనచో తల్లి దేహము తొలిచూలు స్థితికి మరలునేమో యని కొందఱు ఊహింతురు; గుఱ్ఱపువాతమునకు దారితీయగల గర్భకాలపు రక్తపుపోటు అట్టి తల్లులకు తొలిచూలాలివలెనే హెచ్చుగా వచ్చుట ఈ యూహకు బలము.

ముప్పదైదేండ్లు దాటిన స్త్రీకి ప్రశ్న మఱింత జటిలము. ఆగినచో వయస్సు హెచ్చును, ఆగనిచో ఎడము తగ్గును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో దాదాపు లక్షన్నర గర్భములను పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధన యిందుకు కొంత వెలుగు చూపినది. తక్కువ యెడమువలన శిశువునకు కలుగు కీడు యువతులలో నెక్కువగా కానవచ్చినను, తల్లి ప్రాణమునకు కలుగు ముప్పు ముప్పదైదేండ్లు దాటినవారిలోనే కానవచ్చినదనియు, వారికి 12 మొదలు 24 నెలల లోపు వ్యవధి క్షేమకరమనియు అందు తేలినది. సిజేరియన్ అయిన స్త్రీ సహజ ప్రసవమును గోరినచో, మచ్చ చిట్లు ప్రమాదము తక్కువ యెడమున హెచ్చు గనుక, వైద్యులు కోత పడిన తేదీని ముందుగా నడిగి పిమ్మటనే తక్కిన సలహా నిత్తురు.